వాగ్దాన కార్డుకి లింక్ డాక్యుమెంట్లు చూసుకోవడం ఎలా?

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ముగిసి, పన్నెండు కొట్టి, అందరికీ షేక్ హ్యాండ్లు ఇచ్చి కేకు ముక్క అందుకునే లోపు ఇంకో పని ఉంటుంది కదా, వరసలో నిలబడి స్టీలు ప్లేటులో బోర్లా పేర్చిన వాగ్దాన కార్డుల్లోంచి, అంటే కొత్త ఏడాదికి దేవుడి మాటగా ఒక్కో బైబిల్ వచనం అచ్చేసిన కార్డుల్లోంచి, ఒకటి తీసుకోవడం. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని తీసేవాళ్లున్నారు, మొదటిది నచ్చక చటుక్కున లోపల పెట్టేసి ఇంకోటి లాగేవాళ్లూ ఉన్నారు. నేను రెండో బాపతు, ఒప్పుకుంటున్నా. కొన్నేళ్ల కిందట అలా రెండోసారి లాగితే నాకొచ్చింది ద్వితీయోపదేశకాండము 28:12, "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు గాని అప్పు చేయవు."

అప్పటికి నా నెత్తిన ఒక పర్సనల్ లోను, రెండు క్రెడిట్ కార్డుల బాకీ ఉన్నాయి. అమ్మ సంతోషం పట్టలేక ఆ కార్డుని ఉప్పల్‌లో లామినేషన్ చేయించి ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అతికించింది. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది, జూన్‌లో ఈఎంఐ బౌన్స్ అయింది, ఆగస్టులో మా బావ దగ్గర చేబదులు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్తే ఎదురుగా అదే కార్డు. దేవుడు మాట తప్పాడా, లేక నా విశ్వాసమే చాల్లేదా అని ఈ రెండు ప్రశ్నల మధ్యే ఆ ఏడాదంతా కొట్టుకున్నాను. అసలు ఆయన ఈ మాట ఎవరితో అన్నాడు, ఏ ఒప్పందం కింద అన్నాడు అనే మూడో ప్రశ్న ఒకటుందని అప్పుడు తట్టనేలేదు.

ఆ మూడో ప్రశ్న వేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నా. కార్డులు తీసుకోవద్దని చెప్పడం లేదు, నేను ఇప్పటికీ తీసుకుంటాను.

మన హైదరాబాద్‌లో వంద గజాల ప్లాటు కొనాలంటే ఎంత తతంగం! లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం, స్థలం మీద తాకట్లు, లావాదేవీలు చూపించే ఈసీ తీయిస్తాం, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దులోకి వస్తుందేమో అని వాకబు చేస్తాం, తెలిసిన లాయరుకి డబ్బులిచ్చి మరీ చదివిస్తాం. ఈయనకి ఎవరు అమ్మారు, ఆయనకి ఎవరు అమ్మారు అని తవ్వుకుంటూ వాళ్ల తాతల దాకా పోతాం. అదే దేవుడి మాట దగ్గరికొచ్చేసరికి ఒక్క లైను చూసి ఆమేన్ అనేసి జేబులో వేసుకుంటాం. ఆ లైను ఏ పత్రంలోది, ఆ పత్రం ఎవరి పేరు మీద ఉంది, అది నా దాకా ఎలా వచ్చింది అని చూసుకోవడానికి ఒక అరగంట, ఒక బైబిల్, ఒక పెన్ను ఉంటే చాలు. లాయరు అక్కర్లేదు.

ముందు ఆ మాట సంగతి

నిబంధన అనగానే మన చెవికి రూలు అని వినిపిస్తుంది, ప్రకటనల అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'షరతులు, నిబంధనలు వర్తిస్తాయి' అని ఉంటుంది చూడండి, అలాగ. బైబిల్లో నిబంధన అంటే ఇద్దరిని ఒకరికొకరిని కట్టేసే ప్రమాణం. పెళ్లికి దగ్గరగా ఉంటుంది, రెంట్ అగ్రిమెంటుకి దూరంగా ఉంటుంది. హెబ్రీ భాషలో దీన్ని బెరీత్ అంటారు, నిబంధన చేయడాన్ని ఆ భాషలో నిబంధన 'కోయడం' అంటారు, ఎందుకో కాసేపట్లో చెప్తాను. గ్రీకులో డియాథేకే. ఆ మాటకి వీలునామా అనే అర్థం కూడా ఉంది కాబట్టే హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం చదువుతుంటే మన తెలుగు బైబిల్లో ఉన్నట్టుండి 'మరణశాసనము' అని వస్తుంది, మనం తికమకపడి పేజీ తిప్పేస్తాం. పాత నిబంధన, కొత్త నిబంధన అని సండే స్కూలు నుంచీ పుస్తకాల పేర్లలా అంటూనే ఉన్నాం. అవి అసలు రెండు ఒప్పందాల పేర్లు అని నాకు ముప్పై దాటాక గానీ తట్టలేదు.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుంచుకోండి. వాగ్దానం విడిగా గాల్లో ఉండదు, ప్లాటు లేఅవుట్‌లో ఉన్నట్టు ఏదో ఒక నిబంధనలో భాగంగా ఉంటుంది.

వచనానికి పైనా కిందా చదవండి

మన ఊళ్లో ఫ్రేము కట్టించుకుని అత్తారింటి నుంచి ఆఫీసు డెస్కు దాకా పెట్టుకునే వచనం ఒకటుంది, యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనేది. వీసా ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకి, నీట్ రాసే పిల్లలకి వాట్సాప్‌లో ముందుగా వెళ్లేది ఇదే. దీన్నే తీసుకుని చేసి చూద్దాం.

బైబిల్ తెరిచి ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దలనీ, కంసాలులనీ చెరపట్టి తీసుకుపోయాడు. వాళ్లకి యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం. 11వ వచనానికి సరిగ్గా పైన, 10లో, డెబ్భై సంవత్సరాలు అని ఉంటుంది. డెబ్భై! అంటే ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు నలభై ఏళ్లున్న మనిషి, ఆ మంచి రోజు తాను చూడనని అప్పుడే లెక్క కట్టుకుని ఉంటాడు. ఇంకా పైకి వెళ్తే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని ఎక్కడికి చెరగా పంపానో ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంటుంది. అంటే అక్కడే ఉండిపోండి, బ్యాగులు సర్దుకోవద్దు అని.

ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్లండి, అది సినిమా సీన్‌లా ఉంటుంది. హనన్యా అనే ప్రవక్త గుడిలో జనం ముందు నిలబడి, రెండేళ్లలో అంతా వెనక్కి వచ్చేస్తుంది అని ప్రకటిస్తాడు. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? "ఆమేన్" అన్నాడు. నిజం, 28:6 చూడండి. దేవుడు అలాగే చేయుగాక అన్నాడు, పాపం ఆయనకీ అలాగే కావాలి. కానీ దేవుడు చెప్పింది అది కాదు. హనన్యా ఊరుకోక, బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడలో వేసుకున్న కొయ్య కాడిని తీసి విరిచేశాడు, అదే ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. రెండేళ్లు అన్నవాడికి జనం చప్పట్లు కొట్టి ఉంటారు, డెబ్భై ఏళ్లు అన్నవాడి ఉత్తరమే బైబిల్లో మిగిలింది. ఆ డెబ్భై ఏళ్ల ఉత్తరంలోంచి ఒక్క లైను కత్తిరించి రెండేళ్ల మాటలా వాడుకుంటున్నాం మనం.

మరి ఇది పనికిరాదా? పనికొస్తుంది, ఇంకా గట్టిగా పనికొస్తుంది. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ ఈ ఊరుని తిట్టుకుంటూ బతికేవాళ్లకి 7వ వచనం నేరుగా తగులుతుంది. ఈ ఊరి క్షేమం కోరు, దాని క్షేమంలోనే నీ క్షేమం ఉంది. దాన్ని ఎవరూ కార్డు మీద అచ్చు వేయరెందుకో.

ఇది ఏ నిబంధనలోది?

బైబిల్లో పెద్దవి ఐదు అనుకోండి, లోతుగా పోయేవాళ్లు ఆదాముతో మొదలుపెట్టి ఇంకా లెక్కపెడతారు, మన పనికి ఇవి చాలు. నోవహుతో చేసింది ఆదికాండము 9లో ఉంది. అది మనుషులతోనే కాదు, పశువులూ పక్షులతో సహా సమస్త జీవులతో, గుర్తు ఇంద్రధనుస్సు. ఇది అందరిదీ, మీ నాస్తికుడైన కొలీగ్‌ది కూడా.

అబ్రాహాముది 12, 15, 17 అధ్యాయాల్లో. ఇక్కడ కాసేపు ఆగాలి, 'కోయడం' అన్నానే, అది 15లో కనిపిస్తుంది. దేవుడు చెప్పినట్టే అబ్రాము (అబ్రాహాముకి అప్పటి పేరు) మూడేళ్ల పెయ్యనీ, మేకనీ, పొట్టేలునీ తెచ్చి నిలువునా రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టాడు, పక్షుల్ని మాత్రం కోయలేదు. రాబందులు వాలుతుంటే తోలుతూ కూర్చున్నాడు. ఆ ముక్కల మధ్య నుంచి నడవడమంటే, మాట తప్పితే నాకూ ఇదే గతి అని ఒట్టు పెట్టుకోవడం, యిర్మీయా 34:18లో ఆ సంగతి విప్పి చెప్పి ఉంది. మామూలుగా ఒప్పుకున్నవాళ్లు నడవాలి. ఇక్కడేమో పొద్దు గుంకేసరికి అబ్రాముకి గాఢ నిద్ర పట్టింది. చీకటి పడ్డాక పొగలేస్తున్న పొయ్యిలాంటిది, మండే జ్వాల ఆ ముక్కల మధ్యనుంచి వెళ్లాయి. అబ్రాము నడవలేదు. సంతకం ఒక్కవైపే పడింది. అమ్మేవాడూ తనే, కొనేవాడి తరఫున హామీ కూడా తనే అన్నట్టు.

సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలీయులతో చేసింది వేరే రకం. నిర్గమకాండము 24లో మోషే నిబంధన గ్రంథం చదివి వినిపిస్తే జనం అంతా చేస్తాం, విధేయులమై ఉంటాం అన్నారు, రక్తం వాళ్లమీద చల్లాడు. ఎనిమిది అధ్యాయాలు తిరక్కముందే బంగారు దూడని చేసుకుని మొక్కారు. ఇక్కడ రెండు పక్షాలూ సంతకం పెట్టాయి, కాబట్టి 'అయితే' అనే మాట ఉంటుంది. నా కార్డు ఇందులోదే. ద్వితీయోపదేశకాండము 28 తీసి చూడండి, 1 నుంచి 14 దాకా దీవెనలు, నీ గంప, నువ్వు పిండి పిసికే తొట్టి కూడా దీవింపబడతాయని ఎంత ముచ్చటగా ఉంటుందో. 15 నుంచి 68 దాకా, అంటే యాభై నాలుగు వచనాలు, శాపాలు. 44వ వచనం నా కార్డుకి అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటుంది, పరదేశి నీకు అప్పిస్తాడు, నువ్వు అతనికి ఇవ్వలేవు, అతడు తల, నువ్వు తోక. ఈ వచనంతో వాగ్దాన కార్డు ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. ఒకే పత్రంలో నచ్చిన పేజీ చింపుకుని మిగతాది వద్దంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒప్పుకోరు, మరి ఇక్కడెలా?

దావీదుది రెండో సమూయేలు 7లో. దావీదు దేవుడికి ఇల్లు కడతానంటే, నువ్వు కాదు, నేనే నీకు ఇల్లు కడతాను అన్నాడు దేవుడు. మనం 'ఇల్లు నిలబడటం' అంటాం చూడండి వంశం గురించి, అచ్చం ఆ అర్థంలోనే. లూకా 1వ అధ్యాయంలో దూత మరియతో దావీదు సింహాసనం గురించి చెప్పేది ఈ మాటనే. క్రిస్మస్ అంటే దావీదుకిచ్చిన మాట చెల్లిన రోజు.

ఐదోది కొత్త నిబంధన. ఇది మత్తయి సువార్త దగ్గర మొదలైందని అనుకుంటాం, కానీ మాట పుట్టింది యిర్మీయా 31:31 దగ్గర. వాళ్ల పితరులతో చేసినలాంటిది కాదు అని దేవుడు స్పష్టంగా చెప్తాడు. ధర్మశాస్త్రం రాతిపలకల మీద కాక హృదయం మీద రాస్తాను, అల్పులు మొదలు గొప్పవాళ్ల దాకా అందరూ నన్ను ఎరుగుతారు, వాళ్ల పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోను. హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం ఈ భాగాన్ని దాదాపు మొత్తం ఎత్తి రాసింది.

మీ వచనం ఏ పుస్తకంలో ఉందో చూస్తే చాలావరకు ఏ నిబంధనో తెలిసిపోతుంది. ప్రవక్తల దగ్గర కాస్త కష్టం, వాళ్లు ఒకే ఊపిరిలో సీనాయి గురించి తిడుతూ కొత్తదాని గురించి ఓదారుస్తారు.

నా దాకా ఎలా వచ్చింది?

అసలు లింక్ ఇక్కడుంది. చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఒకటి, కనిపించిన ప్రతి వాగ్దానం నాదే అనేయడం. యెహోషువ 1:3లో 'మీరు అడుగుపెట్టు ప్రతి స్థలము' అని చదివి కొనాలనుకున్న ప్లాటు చుట్టూ ఏడుసార్లు తిరిగినవాళ్లు నాకు తెలుసు. గోడలు కూలేదాకా ఇశ్రాయేలీయులు యెరికో పట్టణం చుట్టూ తిరిగిన లెక్క అన్నమాట. దాని కిందే 4వ వచనంలో సరిహద్దులు ఉన్నాయి, లెబానోను, యూఫ్రటీసు నది, హిత్తీయుల దేశం, పడమట మహాసముద్రం. ఆ హద్దుల్లో నార్సింగి లేదు. రెండో దారి, ఇవన్నీ ఇశ్రాయేలీయులవి, మనకేం సంబంధం అని వదిలేయడం. అప్పుడు సగం బైబిల్ చరిత్ర పాఠమైపోతుంది.

అపొస్తలులు ఈ రెండూ చేయలేదు. వాళ్లు ఎలా చేశారో అదే యెహోషువ 1తో చూపిస్తాను. 5వ వచనంలో దేవుడు యెహోషువతో నిన్ను విడువను, ఎడబాయను అంటాడు. ఈ మాటనే హెబ్రీ 13:5 తీసుకుని మనకి ఇచ్చింది: "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." ఏ సందర్భంలో? ధనాపేక్ష లేకుండా ఉండండి, ఉన్నదాంతో తృప్తి పడండి అని చెప్తూ! స్థలం దక్కుతుందన్న మాట యెహోషువ దగ్గరే ఆగిపోయింది, తోడుంటానన్న మాట మన దాకా వచ్చింది. అదీ స్థలాల మీద ఆశ పెంచడానికి రాలేదు, తగ్గించడానికి వచ్చింది. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను కాసేపు బైబిల్ మూసేసి కూర్చున్నాను.

పౌలు గలతీ పత్రిక 3లో దీన్నే ఆస్తి పంపకంలా వాదిస్తాడు. అబ్రాహాముకీ అతని సంతానానికీ వాగ్దానాలు అన్నాడు, 'సంతానాలకు' అనలేదు, ఆ ఒక్కడు క్రీస్తు (16వ వచనం). 430 ఏళ్ల తర్వాత వచ్చిన ధర్మశాస్త్రం ముందు రాసిన పత్రాన్ని కొట్టేయలేదు (17). క్రీస్తు ధర్మశాస్త్రపు శాపాన్ని తన మీద వేసుకున్నాడు, ఆ యాభై నాలుగు వచనాలు ఎవరి ఖాతాలో పడ్డాయో ఇక్కడ తెలుస్తుంది (13). ఎందుకంటే అబ్రాహాముకి కలిగిన దీవెన అన్యజనులకి, అంటే మనకి రావాలని. ఆ దీవెన ఏంటో 14లో చెప్పాడు, ఆత్మ. కారు కాదు. చివర్లో 29, మీరు క్రీస్తు సంబంధులైతే అబ్రాహాము సంతానం, వాగ్దాన ప్రకారం వారసులు. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అంటే ఇదే.

కాబట్టి కార్డు మీది మాటని ముందు యేసు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆయన దీన్ని ఎలా నెరవేర్చాడు అని అడగాలి, ఆయన ద్వారా నాకు ఏం వస్తుందో అప్పుడు చూడాలి. రెండో కొరింథీ 1:20, దేవుని వాగ్దానాలు ఎన్ని ఉన్నా అన్నీ క్రీస్తులో అవును. అక్కడితో ఆగకుండా రెండు వచనాలు కిందకి రండి, 22లో ఒక వింత తెలుగు మాట కనిపిస్తుంది: 'సంచకరువు'. ఎన్నిసార్లు చదివినా ఎవరికీ అర్థం కాదు, అడగడానికి మొహమాటం. సంచకరువు అంటే బయానా. ప్లాటు ఖాయం చేసుకున్నప్పుడు ఇచ్చే అడ్వాన్సు, టోకెన్. దేవుడు తన ఆత్మని మన హృదయాల్లో బయానాగా పెట్టాడు అంటున్నాడు పౌలు. ఎఫెసీ 1:14లో కూడా అదే మాట. బయానా ఇచ్చినవాడు కొనడం ఖాయం, కానీ రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. కొత్త నిబంధన కింద ఇవ్వాళ మనం ఉన్నది ఆ మధ్య కాలంలో. పాప క్షమాపణ చేతికొచ్చింది, ఆత్మ వచ్చాడు, దేవుణ్ని తండ్రీ అని పిలిచే హక్కు వచ్చింది. మరణం లేని శరీరం, కన్నీళ్లు లేని లోకం, ఇవి రాబోతున్నాయి. మన టెన్షన్‌లో చాలా భాగం, రిజిస్ట్రేషన్ రోజు ఇచ్చేదాన్ని బయానా రోజే అడగడం వల్ల వచ్చేదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, విశ్వాసులందరూ ఈ లింకులన్నీ ఒకేలా చదవరు. ఇశ్రాయేలుకిచ్చిన దేశం గురించిన మాటలు అక్షరాలా ఆ జనానికే ఇంకా నెరవేరాలి అనే సంఘాలు మన ఊళ్లో బోలెడు, అవన్నీ క్రీస్తులోనే నెరవేరాయి అనే సంఘాలూ ఉన్నాయి, రోమా 11 దగ్గర ఇద్దరూ గట్టిగానే వాదించుకుంటారు. బాప్తిస్మం గొడవ కూడా చాలావరకు ఇందులోంచి పుట్టిందే. అమ్మది మెదక్ వైపు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం, పసిపిల్లగా ఉన్నప్పుడే నీళ్లు చల్లారు, నిబంధన కుటుంబంతో ఉంటుంది కాబట్టి పిల్లలకీ గుర్తు ఇవ్వాలని వాళ్ల లెక్క. నేను పంతొమ్మిదేళ్లప్పుడు తొట్టిలో మునిగాను, ఎవరికి వాళ్లు నమ్మి రావాలని మా సంఘం లెక్క. మా ఇంట్లో ఈ చర్చ ఆదివారం మధ్యాహ్నం కోడికూరతో మొదలై పెరుగన్నంతో ముగుస్తుంది, ఎవరూ మారరు. క్రీస్తులోనే వాగ్దానాలన్నీ అవును అనే దగ్గర మాత్రం ఇద్దరం ఒకటే.

ఎలా ప్రార్థించాలి?

ఇప్పుడు నా పాత కార్డు మళ్లీ వస్తే ఎలా చేస్తానో చెప్తాను. దీని అడుగున ఉన్న శాపమంతా నువ్వు మోశావు ప్రభువా అని మొదట కృతజ్ఞత చెప్తాను. ఆ తర్వాత అప్పుల గురించి కొత్త నిబంధన ఏమంటోందో వెతుకుతాను. రోమా 13:8లో దొరుకుతుంది, ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ అచ్చియుండవద్దు, అంటే బాకీ పడొద్దు. ఇది వాగ్దానం కాదు, పని. కాబట్టి ప్రార్థన అయ్యాక ఆ రెండు క్రెడిట్ కార్డుల్లో ఒకటి కత్తెరతో కోసేస్తాను (కోయడం అంటే ఇదీ ఒక కోయడమే). ఉద్యోగం అడగనా? తప్పకుండా అడుగుతాను, అనుదినాహారం అడగమని ఆయనే నేర్పాడు కదా. కానీ తండ్రిని అడిగినట్టు అడుగుతాను, చెక్కు చూపించి క్యాషియర్ని నిలదీసినట్టు కాదు.

91వ కీర్తన గురించి రాయకుండా ముగించలేను. 2021 ఏప్రిల్, మేలలో, కరోనా రెండో వేవ్‌లో, మా తలుపుకి కూడా ఆ కీర్తన అతికించి ఉంది. వెయ్యిమంది నీ పక్కన పడినా అపాయం నీ దగ్గరికి రాదు అని. నాన్న మే నెలలో పోయారు. తర్వాత వారం ఆ కాగితం ఎవరు తీశారో తెలీదు, టేపు మరకలు మాత్రం తలుపు మీద చాలాకాలం ఉన్నాయి. అప్పుడు ఒక పెద్దాయన ఫోన్ చేసి, విశ్వాసం ఎక్కడో తగ్గి ఉంటుంది బాబూ అన్నారు. ఎవరైనా ఇలా అంటే వినకండి, మీరు ఎవరితోనూ అనకండి. ఈ కీర్తనని యేసు ముందు ఎత్తి చూపింది సాతాను, మత్తయి 4:6 చూడండి, దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటూ. యేసు దూకలేదు. ఆ కీర్తనలోనే 15వ వచనం ఉంది, శ్రమలో నేను అతనికి తోడై ఉంటాను. అంటే శ్రమ రాదని కాదు, శ్రమలో తోడు. ఆస్పత్రి కారిడార్లో ఆ మాట నాకు గుర్తు రాలేదు, ఆ తర్వాత చాలా రోజులకి వచ్చింది.

వాగ్దానం చెల్లకముందే పోయినవాళ్లని ఏమనాలి? హెబ్రీ 11:13 వాళ్ల గురించే, ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి చనిపోయారు. అబ్రాహాముకి దేశమంతా మాటిచ్చాడు దేవుడు. ఆయన బతికుండగా ఆయన పేరు మీద పడిన భూమి ఎంతో ఆదికాండము 23లో ఉంది, మన సేల్ డీడ్ లాగే రాసి ఉంటుంది. హేతు కుమారుల ఎదుట, ఎఫ్రోను దగ్గర, నాలుగు వందల తులాల వెండికి, మక్పేలా పొలం, అందులోని గుహ, పొలంలో ఉన్న చెట్లు, చుట్టూ హద్దులు. ఉచితంగా ఇస్తానన్నా తీసుకోకుండా డబ్బు తూచి ఇచ్చి కొన్నాడు. ఎందుకు? శారాను పాతిపెట్టడానికి. వాగ్దాన దేశంలో మొదటి రిజిస్ట్రేషన్ ఒక సమాధి. ఈస్టర్ పొద్దున చీకటితో కొవ్వొత్తులు పట్టుకుని నాన్న సమాధి దగ్గరికి వెళ్లినప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే గుర్తొస్తుంది.

కార్డు చేతికొచ్చాక

అంత ఓపిక లేదనుకునేవాళ్లకి చిన్న పద్ధతి. కార్డు వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, అక్కడ పెన్నుతో రాయండి: ఈ మాట ఎవరితో, ఏ నిబంధనలో, యేసులో ఇది ఏమైంది, నేను నమ్మాల్సింది ఏంటి, చేయాల్సింది ఏంటి. మొదటి రెండూ రాయడానికి ముందు ఆ అధ్యాయం మొత్తం చదవండి, వీలైతే ముందుదీ. మూడోది దొరక్కపోతే బైబిల్ పేజీ అడుగున, ఇదే మాట ఇంకెక్కడ ఉందో చూపించే క్రాస్ రిఫరెన్సులు పట్టుకుని కొత్త నిబంధనలోకి వెళ్లండి, అక్కడా దొరక్కపోతే మీ పాస్టర్‌గారిని అడగండి, ఆయనకి సంతోషంగానే ఉంటుంది, ఎప్పుడూ పెళ్లి డేట్లు, స్థలం ప్రార్థనలే కాకుండా. బల్లారాధన, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉన్న ఆదివారం ఆ కార్డు బైబిల్లో పెట్టుకుని వెళ్లండి. చిన్న గ్లాసు చేతికిచ్చి "ఈ గిన్నె నా రక్తము వలననైన క్రొత్త నిబంధన" అని చదివేటప్పుడు ఒకసారి ఆ కార్డు చూసుకోండి. అసలు పత్రం మీ చేతిలో ఉన్నది అప్పుడే.

మొన్న డిసెంబర్ 31న అమ్మకి యెషయా 54:10 వచ్చింది, మన పాపాలు మోసిన సేవకుడి గురించి చెప్పే 53వ అధ్యాయం తర్వాతిది. పర్వతాలు తొలగిపోయినా నా కృప నిన్ను విడిచిపోదు, సమాధాన విషయమైన నా నిబంధన తొలగిపోదు. ఇంటికొచ్చేసరికి రెండున్నర. లామినేషన్ అంటుందేమో అనుకున్నా. సోఫాలో కూర్చుని కళ్లజోడు సవరించుకుని, "ఏం రా, గీ మాట ఎవరికి చెప్పిండు దేవుడు?" అంది. పొద్దున చూద్దాం అమ్మా, నిద్రొస్తోంది అన్నాను. పొద్దున లేచి పాలు తీద్దామని వెళ్తే కార్డు ఫ్రిజ్ మీద తిరగేసి అతికించి ఉంది, వెనక నీలం పెన్నుతో, వంకర అక్షరాల్లో: 'యెరూషలేముకు. 53 అయినంక 54.'